కరెంటు కాళ్లు

ఊరెళ్ల
19 జనవరి 2004

బాల్‌రాజ్‌కు మామ హన్మయ్య రాస్తున్న.

నిన్న ఆదివారం దవాఖానకు వచ్చి నీ మంచం కాడ కూసున్న. పొద్దు గూకెదాక కూసున్న. "ఏమన్న చెప్పేదున్నదా మామా" అని అడిగినవు. ఏం లేదంటి. ఉన్నది. నోరు రాలె. నా సంగతి నీకెరుకే. ఎస్టీడీ డబ్బల కెల్లి ఫోన్ చెయ్యమంటవు. ఎనక నలుగురు నిలబడి ఇంటరు. అందుకే కవరు.

గాజర్ గడ్డ ఈసారి మంచిగ ఊరింది. బోరుల నీళ్లు తగ్గినయి. స్టార్టరు కాలిపోతే చేవెళ్లకు తీస్కపోయి చేయించిన. మంజుల మంచిగున్నది. నిన్ను అడిగినట్టు చెప్పమన్నది.

ఇగ అసలు ముచ్చట. మొన్న కులపోళ్లు మన వాకిట్ల కూసున్నరు. పెద్దమనిషి భిక్షపతి మాట ఎత్తుకున్నడు. "హన్మయ్యా, నీకు కొడుకుల్లేరు. అక్క కొడుకును సాదినవు, ఇల్లరికం అల్లుణ్ని చేసుకున్నవు. మంచిదే. గని ఆడు మాదాపూర్ల బిల్డింగుకు అద్దాలు బిగిస్తుంటే నిలబడ్డ తాళ్ల జూల తెగి పడి రెండు దసరాలైపాయె. నడుము కిందికి పానం లేదు. నీ బిడ్డ ఎన్నేండ్లు గిట్ల కూసుంటది?" అన్నడు. ఉగాది దాక ఆగుదామన్నరు. అప్పటికి నీ కాళ్లు వస్తే సరే. రాకుంటే మనువు తెంపి మంజులను ఇంకొకరికిద్దామన్నరు. భిక్షపతి తమ్ముని కొడుకు అంజిలయ్య ఉన్నడు గద, జీపు నడిపేటోడు. పెండ్లాం సచ్చిపోయింది. ఆడు ఇల్లరికం వస్తడట.

నేను ఊ అనలె, ఊహూ అనలె. వాళ్లు దులుపుకొని లేచిపోయిన్రు.

నీకు ఈ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదని నాకెరుకే బాల్‌రాజ్.

మామ


కనకమామిడి
24 జనవరి

మామా, శనార్తి.

నీ కవరు ఇయ్యాల అందింది. ఊరెళ్లల బస్సెక్కి ఓ కునుకు తీసేలోపల ఇక్కడ దిగుతవు. నీ మాట మాత్రం పోస్టాఫీసులన్ని తిరిగి వస్తది. ఎదురుంగ కూసోని అరటిపండు తొక్క తీసి చేతికిచ్చినవు. నా పెండ్లాన్ని ఇంకోనికిస్తున్నరన్న ముచ్చట కడుపుల పెట్టుకోని బస్సెక్కినవు. శభాష్ మామా.

కోపం లేదు. అమ్మ సచ్చిపోయిన దినం బడి కాడికి గట్లనే వచ్చినవు. నా పలక పట్టుకొని ముందల నడిచినవు. ఇంటి ముంగట జనాన్ని చూసినంకనే నాకు తెలిసింది.

కాళ్లు రాకున్నా నేను ఇంటికి వస్త. ఇక్కడ చక్రాల కుర్చీ నేర్పుతున్నరు. మట్టిల తోలుత, ఎత్తు ఎక్కిస్త. ఒక్క గడపనే దాటదు. మన దర్వాజ గడప జానెడు ఎత్తున్నది. మాకు కసరత్తు చేయించే సారమ్మ మేడం, "ఇంటికి పోయే ముందుగాల గడప తీయించుకో, లేకుంటె సొంతింట్లనే చుట్టమైతవు" అన్నది. వడ్లాయనను పిలిచి రంపంతోని కోపియ్యి. అది ఒక్కటి చాలు.

కొత్త మిషిన్ వచ్చింది ఇక్కడికి. ఫారిన్‌ది. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు దానం చేసిన్రు. సైకిలే గని సీటు లేదు. మన కుర్చీని దాని ముంగట పెట్టి, పాదాలు పెడల్సుకు కట్టి, తొడలకు పట్టీలు అతికి, సన్నగ కరెంటు ఇస్తరట. అద్దాల బిల్డింగు మీదికెల్లి పడేసింది ఒక కంపెనీ, సైకిలెక్కిచ్చేది ఇంకో కంపెనీ. వచ్చే నెల నా వంతు.

మంజులకు చెప్పు, ఒక్కసారి రమ్మను.

బాల్‌రాజ్


ఊరెళ్ల
1 ఫిబ్రవరి 2004

బాల్‌రాజ్‌కు.

కవరు చదివిన. గడప సంగతి జర ఆగు. అది మా నాయిన చేతులతోని పెట్టింది. కింద రాగి పైస పెట్టిండు. మీ అత్త ఉన్నప్పుడు ఆమె, ఇప్పుడు మంజుల, శుక్రారం శుక్రారం పసుపు పెడ్తున్నరు. ఇంట్ల మనువు సంగతి గిట్ల ఊగుతుంటె గడప మీద రంపం పెట్టాల్నంటే చెయ్యి వస్తలేదు. నువ్వు వచ్చిన దినం ఎత్తి లోపల పెడ్త. నా రెక్కలల్ల ఇంక బలమున్నది.

కరెంటు అన్నవు. భయమైంది. మొన్న స్టార్టరు ముట్టుకుంటే నన్ను గోడకు ఇసిరికొట్టింది. తడి చేతులతోని ముట్టుకోకు. ఆ మేడంకు చెప్పు, ఎర్తు మంచిగున్నదా చూస్కోమని.

మంజుల వస్తనన్నది. గాజర్ కడిగి మొయినాబాద్ మార్కెట్‌కు ఎయ్యాలె. అయినంక వస్తది.

మామ


కనకమామిడి
7 ఫిబ్రవరి

మామా!

తొక్కినయి! నా కాళ్లు తొక్కినయి!

మొదలు చెప్త ఆగు. పొద్దుగాల సారమ్మ మేడం, ఆమె కింద పనిచేసే గిద్యోను, ఇద్దరు కలిసి నన్ను మిషిన్ ముంగట పెట్టిన్రు. తొడలకు, పిర్రలకు పట్టీలు అతికిన్రు. వైర్లు ఒక డబ్బకు పోతయి. మొదలు మోటరు నా కాళ్లను తిప్పింది. అది పెద్ద ముచ్చట కాదు. ఆ ఎనక మేడం మెల్లగ కరెంటు పెంచింది. తొడ మీది కండ, ఎండిన గాజర్ లెక్క అయిపోయిన కండ, కప్ప లెక్క ఎగిరింది. చూస్తుండగనే గట్టిపడ్డది. "ఇప్పుడు మోటరు ఆపిన బాల్‌రాజ్, నీ కాళ్లే తిప్పుతున్నయి" అన్నది మేడం. నేను చూస్కుంట కూసున్న. నా కాళ్లే. నన్ను అడగలె, నాకు చెప్పలె, తొక్కుతున్నయి. అందరు చప్పట్లు కొట్టిన్రు. గిద్యోను, "అన్నా, హారన్ కొట్టు, గోడ తగుల్తది" అన్నడు. మస్తు నవ్విన. నవ్వుకుంట ఏడ్చిన.

మేడం ఇంకేమేమో చెప్పింది. అవన్ని నువ్వు వచ్చినప్పుడు చెప్త. మంజులకు ఇది చదివి వినిపియ్యి. పొల్లు పోకుండ వినిపియ్యి.

బాల్‌రాజ్


ఊరెళ్ల
12 ఫిబ్రవరి 2004

బాల్‌రాజ్‌కు దీవెనలు.

నీ కవరు మంజులకు వినిపించిన. రెండోసారి తనే గుంజుకొని చదివింది. చేతుల గాజర్ గంప అట్లనే ఇడిసిపెట్టి వాడకట్టంత ఉరికింది. "మా బావ కాళ్లు వచ్చినయి" అని ఇంటింటికి చెప్పింది. బెల్లం పంచింది. ఇన్నేండ్లకు మన ఇంట్ల నవ్వు ఇన్న.

భిక్షపతి వచ్చిండు. "నిజమేనా హన్మయ్యా" అన్నడు. నిజమే, సైకిలు తొక్కుతున్నడు అన్న. అంత పెద్ద మాట నేను ఎన్నడు అనలె. ఆయన మొఖం మాడింది. "మంచిదే, కండ్లతోని చూసి వస్తం" అన్నడు.

ఆదివారం నేను వచ్చిన. నువ్వు పండుకున్నవు. దుప్పటి కింద నీ పాదాలు కనబడ్డయి. జర సేపు చూసి పోయిన. సారమ్మ మేడం పిలిచింది, ఏదో చెప్తనన్నది. ఆమె జల్ది జల్ది మాట్లాడ్తది. బస్సున్నదని చెప్పి వచ్చేసిన.

కాళ్లు వచ్చినయి గద, ఇగ గడప తీసుడు ఎందుకు. ఆ దేవుడే దాన్ని కాపాడిండు.

మామ


కనకమామిడి
18 ఫిబ్రవరి

మామా, శనార్తి.

వాడకట్టంత ఎందుకు చెప్పినవు? నేను మంజులకు చెప్పమన్న, భిక్షపతికి చెప్పమన్ననా? వాళ్లు రావొద్దు. మొదలు మంజుల ఒక్కతే రావాలె. ఆమెతోని నేను మాట్లాడేది ఉన్నది. కాళ్లు వచ్చినయి అని నేను రాయలె. తొక్కినయి అని రాసిన.

సరే, ఇప్పుడు నా తొడలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. కండ పడ్డది. ఈపుకు పుండ్లు అయితుండె గద, అవి మానుతున్నయి. ఆకలైతున్నది. తొక్కినంక పానం తేలికైతది, ఎనకట క్రికెట్ ఆడి వచ్చినట్టు.

గడప సంగతి మర్వకు. కాళ్లతోని దానికి సంబంధం లేదు. కోపియ్యి.

బాల్‌రాజ్


ఊరెళ్ల
27 ఫిబ్రవరి 2004

బాల్‌రాజ్‌కు.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం, మార్చి ఏడు నాడు అందరం వస్తున్నం. భిక్షపతి, ఇంకిద్దరు పెద్దమనుషులు, మంజుల, నేను. అంజిలయ్య జీపు తోలుతడు. ఆ పోరడు పాపం ఏం అనలె. "బాల్‌రాజన్న నడిస్తే నాకంటె ఖుషీ ఎవరికి" అన్నడు. మంచోడే.

మంజుల చేవెళ్ల పోయి నీకు చెప్పులు తెచ్చింది. తోలువి. నీ పాత చెప్పు కొలత తీస్కపోయింది. కవర్ల పెట్టి దండెం మీద పెట్టింది. దినాం తీసి చూస్తది.

ఆమె ఒక్కతే రావాల్నంటవు. ఎట్ల చెప్పాలె. అందరు మాట అనుకున్నంక నేను అడ్డం చెప్పలేను. ఫికర్ చెయ్యకు. ఆ దినం మంచిగ తొక్కు.

మామ


కనకమామిడి
2 మార్చి

మామా,

ఇది చదివినంక చేతుల పనులన్ని పక్కకు పెట్టి నేను చెప్పేది చెయ్యి.

నా కాళ్లు రాలేదు. రావు. మేడం మొదటి దినమే చెప్పింది, నేనే నీకు రాయలె. కరెంటు ఇస్తె కండ గుంజుకుంటది, పెడల్ తిరుగుతది. కరెంటు బంద్ చేస్తె తెగిన తీగ లెక్క అయితది. నా తలకాయకెల్లి కాళ్లకు పోయే తొవ్వ ఈపుల తెగింది. మిషిన్ ఆ తొవ్వ కలపదు. నెత్తురు ఆడనీకి, పుండ్లు కాకుండ, ఊపిరి మంచిగుండనీకి, కూసున్న మనిషి కూసోనే ఎక్కువ దినాలు బతకనీకి అది. అది తక్కువ సంగతి కాదు మామా. నా అసుంటోళ్లు పుండ్లు మురిగి సచ్చిపోతరు. నేను సావను. గని నడువను.

ఎందుకు రాయలేదంటే, ఆ దినం మస్తు ఖుషీ అయిన. ఒక్క దినమన్న మంజుల కూడ కావాలె అనుకున్న. మీరు బెల్లం పంచుతరని అనుకోలె.

జీపు ఆపు. భిక్షపతికి ఇప్పుడే చెప్పు. మంజులను ఒక్కదాన్ని బస్సెక్కియ్యి. నేనే చెప్త, నా నోటితోని. ఆమె వింటది. ఆమె విన్నంక ఏమన్నా సరే.

బాల్‌రాజ్


ఊరెళ్ల
9 మార్చి 2004

బాల్‌రాజ్‌కు.

లోపల ఏమైంది? ఎవరు చెప్తలేరు.

మీరందరు ఆ రూములకు పోయినంక నేను గేటు కాడనే ఆగిన. పక్క తోటల మేకలు మేస్తున్నయి. వాటిని చూసుకుంట నిలబడ్డ. మిషిన్ చప్పుడు ఇనబడ్డది. ఆ ఎనక ఆగింది. ఎవరో నవ్విన్రు. జీపుల ఒక్క భిక్షపతి మాత్రం అజీజ్‌నగర్ ముచ్చట, భూముల ముచ్చట చెప్పుకుంట వచ్చిండు. మంజుల ఇంటికొచ్చి గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నది. అన్నం తింటలేదు. నన్ను చూస్తలేదు.

ఒక ముచ్చట దాచిన. నీ కవరు శనివారమే అందింది. చదివిన. భిక్షపతి ఇంటికి పోయిన. ఆయన జీపుల డీజిల్ పోయిస్తున్నడు. "ఏంది హన్మయ్యా, పొద్దుగాల్నే రెడీ ఉండుర్రి" అన్నడు. సరే అన్న. తిరిగొచ్చిన. ఇంట్ల మంజుల చెప్పులకు నూనె రాస్తున్నది. ఆమెకన్న చెప్పాలె. పక్కన కూసున్న. నూనె గిన్నె జరిపి ఇచ్చిన. గంతే.

రాయి.

మామ


కనకమామిడి
13 మార్చి

మామా,

అడిగినవు గద. చదువు.

అందరు చుట్టు నిలబడ్డరు. మేడం మిషిన్ షురూ చేసింది. కాళ్లు తొక్కినయి. మంజుల కింద కూసోని నా పిక్క పట్టుకున్నది. గట్టిగున్నది, ఎచ్చగున్నది అని నవ్వింది. భిక్షపతి దిక్కు తిరిగి, "చూసినవా కాకా" అన్నది. కవర్లకెల్లి చెప్పులు తీసి పెడల్స్ కింద జతగ పెట్టింది. దిగంగనే ఏస్కోవాల్నని.

భిక్షపతి వైర్లు చూసిండు. డబ్బ చూసిండు. "మంచిదే బిడ్డా. ఇగ ఆ డబ్బ బంద్ చెయ్యమను, వట్టిగ తొక్కమను" అన్నడు. మేడం, "అట్ల కాదండి, నేను చెప్త వినుండ్రి" అన్నది. మంజుల ఆగలె. "నేను చేస్త మేడం, ఈ ఎర్ర బటనేనా" అని తనే ఒత్తింది. గర్వంగ ఒత్తింది మామా. నా దిక్కు చూసుకుంట ఒత్తింది.

ఆగినయి.

"తొక్కు బావా" అన్నది. "అందరున్నరని సిగ్గా? తొక్కు." ఆ ఎనక మెల్లగ, నాకొక్కనికే వినబడేటట్టు, "ఇన్ని దినాలు రాలేదని కోపమా? కొట్టు, తిట్టు, గని తొక్కు బావా" అన్నది. ఆమెకు నువ్వు చెప్పినవని నేను అనుకున్న. అంత తెలిసి కూడ వీళ్ల ముంగట ఎందుకు గిట్ల ఆడిస్తున్నది అనుకున్న. అందుకే నోరు మూసుకున్న. నా కోపం ఆమె మీద చూపిచ్చిన మామా, నీ మీద చూపియ్యవలసింది.

భిక్షపతి నవ్విండు. "కరెంటు పోతే మొగుడు కూడ పోతడన్నట్టు. హన్మయ్య జనరేటరు కొనుక్కోవాలె" అన్నడు. నువ్వు ఇనబడ్డదన్న నవ్వు అదే. అంజిలయ్య నవ్వలె. చెప్పుల జత తీసి, కవర్ల పెట్టి, మంజుల చేతికిచ్చిండు. మంచోడే, నువ్వన్నట్టు.

మేకలు మంచిగున్నయా?

బాల్‌రాజ్


ఊరెళ్ల
22 మార్చి 2004

బాల్‌రాజ్‌కు.

ఉగాది అయింది. పచ్చడి చేసుకోలె. సాయంత్రం కులపోళ్లు కూసున్నరు. ఏప్రిల్ నాలుగు ఆదివారం పుల్ల ఇరుపు అన్నరు.

నీకు తెలుసో లేదో, ఈ నడుమ మన దాంట్ల ఎవరిది కాలె. ఆలుమొగలు వాకిట్ల ఎదురెదురు నిలబడాలె. మొగోడు ఎండు పుల్ల ఇరవాలె. చప్పుడు అందరికి ఇనబడాలె. ఇనబడంగనే పెద్దమనిషి "ఇరిగింది" అంటడు. ఆ మాటతోని మనువు తెగినట్టు. ముక్కలు ఇంట్ల ఉండొద్దు, మొగోడు పిడికిట్ల పెట్టుకొని తీస్కపోవాలె. కూసోని ఇరిస్తె చెల్లదు. నిలబడే ఇరవాలె. కూసున్నోడు ఇంటోడు, లేసినోడే పోయెటోడు అని ఎనకటి పద్ధతి. ఇద్దరు పట్టుకొని నిన్ను నిలబెడ్తమన్నరు. నువ్వు రాకుంటె అక్కడికే వచ్చి అందరి ముంగట చేస్తమన్నరు.

మంజులకు నీ కవర్లన్ని ఇచ్చిన. నోటితోని చెప్పలేక ఇచ్చిన. చదివి రెండు దినాలు ఏడ్చింది. నిన్న అన్నం పెట్టుకుంట, "కరెంటుతోని అయితే ఏంది నాయినా, మన ఇంట్ల కరెంటు లేదా" అన్నది. ఆ మాట కులపోళ్ల ముంగట అనలె. వాళ్లు ఆమెను అడగలె. నేను చెప్పలె.

మామ


కనకమామిడి
26 మార్చి

మామా,

ఆమె నిజంగ గా మాట అన్నదా? ఇంతకుముందు "మంజుల అడిగినట్టు చెప్పమన్నది" అని రాస్తుంటివి గద, అసుంటిది కాదు గద? ఇది నీ నోటికెల్లి వచ్చే మాట లెక్క లేదు. ఆమెదే.

నేను వస్త. పుల్ల ఇరవ. అందరి ముంగట "నేను ఇరవను, మంజులను అడుగుండ్రి" అంట. నువ్వు నా పక్కకుండి "అవు" అను. ఒక్కటే మాట. ఇంటి పెద్దవు నువ్వు. నువ్వు అవు అంటే భిక్షపతి కాదు గద, వాని తాత కూడ ఏం చెయ్యలేడు.

ఇంకోటి. నన్ను నిలబెట్టొద్దు. ఇది ఆట కాదు. రెండేండ్లు బరువు పడక నా కాళ్ల బొక్కలు సుద్దముక్కలు అయినయట, పటుక్కున ఇరుగుతయట. ఎక్స్‌రే ఫోటో తీసి చూపించింది మేడం. ముందుగాలనే భిక్షపతికి చెప్పు. కుర్చీలనే మాట్లాడ్త.

గడప తీసినవా?

బాల్‌రాజ్


కనకమామిడి
12 ఏప్రిల్

మామా,

గిద్యోనుతోని రాయిస్తున్న. నేను పండుకొనే ఉండాలె. చేతులు పైకెత్తి రాస్తుంటె చెమటలు పడుతున్నయి.

ఆ దినం నీకు తెలిసింది ఎంతో, నాకు తెలిసింది చెప్త. జీపు దింపంగనే నా కండ్లు దర్వాజ దిక్కే పోయినయి. గడప ఉన్నది. పసుపు కూడ కొత్తగ పెట్టి ఉన్నది. దాని అవతల మంజుల. "కుర్చీలనే కూసోపెట్టుండ్రి" అని నేను అంటనే ఉన్న. కుడి దిక్కు అంజిలయ్య, ఎడమ దిక్కు నువ్వు, చంకల చేతులు పెట్టి లేపిన్రు. ఎవరో నా చేతుల పుల్ల పెట్టిన్రు. "నేను ఇర..." అన్న. గంతే. రెండేండ్లు కూసున్నోన్ని ఒక్కసారి నిలబెడ్తె నెత్తురు కిందికి దిగుతదట. కండ్లు చీకట్లు అయినయి. తెలివొచ్చేసరికి జీపుల ఉన్న, చేవెళ్ల దాటింది. చప్పుడు ఇనబడ్డదట, మనువు తెగిందన్నరు.

మర్నాడు జ్వరం వచ్చింది. మేడం దుప్పటి తీసి చూసింది. ఎడమ తొడ కుండ లెక్క ఉబ్బింది. ఫోటో తీస్తె బొక్క రెండైంది. నాకు నొప్పి లేదు మామా. జర గూడ లేదు. నొస్తె అన్న అరుస్తుంటి, వాళ్లు దింపుతుండె.

మిషిన్ ఇగ నాకు లేదు. బొక్క అతికినా ఎక్కియ్యరట. పక్క మంచం మీది చందనవెల్లి ఊరాయన తొక్కుతున్నడు నా వంతుల. ఆ చప్పుడు ఇనుకుంట పండుకుంటున్న.

ఇప్పుడు అసలు ముచ్చట. జీపుల తెలివొచ్చినప్పుడు నా పిడికిలి మూసే ఉన్నది. ఇప్పి చూసిన. పుల్ల ఉన్నది. నిండు పుల్ల. ఇరగలె. మీరందరు ఇన్న చప్పుడు పుల్లది కాదు. గిద్యోను ఇది రాసుకుంట కలం ఆపిండు, నేనే రాయమంటున్న. భిక్షపతి "ఇరిగింది" అన్నది నా తొడ చప్పుడు ఇని.

పుల్ల నా దిండు కింద ఉన్నది. మన పద్ధతి ప్రకారం నా మనువు తెగలేదు. మంజుల నా పెండ్లామే. పోయి పంచాయితిల చెప్పు. గిద్యోను వచ్చి పుల్ల చూపిస్తడు. నువ్వు ఎడమ దిక్కు ఉన్నవు, నా తొడ దిక్కు. నీకు ఏ చప్పుడో తెలుసు. చెప్పు. నిన్ను రెండే అడుగుతున్న. ఆ మాట చెప్పు. ఆ గడప తీయి.

బాల్‌రాజ్


ఊరెళ్ల
16 మే 2004

బాల్‌రాజ్‌కు.

నీ కవరు అందినంక చానదినాలు రాయలె.

నిన్ను నిలబెట్టొద్దని ముందు దినం నేను చెప్పిన. నువ్వు నమ్మవు. చెప్పిన. నలుగురు ఉన్నరు. నోరు తెరిచి, బొక్కలు ఇరుగుతయట అన్న. భిక్షపతి, "కాళ్లు వచ్చినయన్నదీ నువ్వే, బొక్కలు ఇరుగుతయన్నదీ నువ్వేనా హన్మయ్యా, ఇంకెన్ని చెప్తవు" అన్నడు. అందరు నవ్విన్రు. అప్పటికెల్లి మల్ల నోరు రాలె.

చప్పుడు నేను ఇన్న. నా చేతులకు తెలిసింది. పుల్ల చప్పుడు పైకెల్లి వస్తది. అది కిందికెల్లి వచ్చింది. ఎరుకే.

నీ కవరు అందిన దినం భిక్షపతి ఇంటికి పోయిన. కవరు అంగి జేబుల పెట్టుకొనే పోయిన. కూసోమన్నరు. చాయ ఇచ్చిన్రు. వాళ్లింట్ల షామియాన ముచ్చట నడుస్తున్నది. చాయ తాగిన. గ్లాసు కడిగి బోర్లిచ్చిన. వచ్చిన.

మంజుల "బావ ఏం రాసిండు" అని అడిగింది. పానం మంచిగున్నదట అన్న. అయితే నన్ను అడగలేదా అన్నది. లేదు అన్న.

మొన్న తొమ్మిది నాడు ఎల్లమ్మ గుడి కాడ మనువు చేసిన్రు. అంజిలయ్య ఇంట్లకు వచ్చిండు. నువ్వు పండుకునే అర్రల పండుకుంటున్నడు. బోరు దిక్కు చూస్కుంటున్నడు. నన్ను మంచిగనే చూస్తున్నడు.

వాళ్లు అందరు యాదగిరిగుట్ట పోయిన దినం నేను ఒక్కన్నే ఉన్న. వడ్లాయనను పిలవలె. నేనే రంపం తెచ్చి గడప కోసిన. పాత టేకు, పొద్దంత పట్టింది. కింద మా నాయిన పెట్టిన రాగి పైస ఉన్నది. మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి సాపు చేసిన. నీళ్లు పోస్తె లోపలికి బయటికి సమానంగ పారుతున్నయి. కుర్చీ ఆగదు.

అంజిలయ్య చూసి ఖుషీ అయిండు. "మంచిగ చేసినవు మామా, బండికి ఆసాన్ అయింది" అన్నడు. ఇప్పుడు మోటర్‌సైకిలు దిగకుండనే సీదా లోపలి దాక తోలుకొస్తడు.

శుక్రారం మంజుల పసుపు గిన్నె పట్టుకొని దర్వాజ కాడికి వచ్చింది. జరసేపు నిలబడ్డది. లోపలికి పోయింది.

నువ్వు రెండు అడిగినవు. ఒకటి చేసిన.

మామ